ఎవరి చెట్టు ఎవరు తినాలి: కోస్గి తోటకు ప్రయాణం

ఈ మధ్య చుట్టుపక్కల వాడల నుంచి ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నారు. కోస్గి తోటకు ఎట్లా పోవాలి, ఎంత ఖర్చవుతుంది, అక్కడ ఏం నేర్పుతారు అని. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి వినిపించండి. దారి సంగతితో పాటు నా సంగతి కూడా మధ్యలో వస్తుంది. అది వదిలేసి చదవొద్దని నా మనవి.

మా ఊరు రామన్నపేటకు రెండు కోసుల దూరం. నేను మా వాడ పిల్లలకు చదువు చెప్పే పంతులును. ఆ వాడలోనే పుట్టినవాణ్ణి కూడా. యుద్ధం ఇంకా సాగుతున్న రోజులు అవి. లెవీ కింద పండిందంతా సర్కారు కొలిచి పట్టుకుపోగా, ఎండాకాలం వచ్చేసరికి కూలికి ఇవ్వడానికి రైతుల దగ్గరే గింజలు లేవు. ఇక కూలి మీద బతికే మా సంగతి చెప్పేదేముంది. బడిలో మధ్యాహ్నం పిల్లలకు తలా ఒక గరిటె అంబలి పోసేవాళ్లం. ఆరేళ్లు నిండి బడిలో పేరు ఉన్నవాళ్లకే పొయ్యాలని నియమం. లచ్చమ్మ కూతురు ఎల్లికి నాలుగేళ్లు. చిప్ప పట్టుకొని మెట్ల దగ్గర నిలబడేది. మూడు రోజులు పోశాను. నాలుగో రోజు దాన్ని చూసి అట్లాంటి పిల్లలే తొమ్మిది మంది వచ్చారు. కుండలోకి చూసుకున్నాను. మీకు వయసు రాలేదు, ఇంటికి పోండి అన్నాను. మిగతావాళ్లు ఏడ్చారు. అది ఏడవలేదు. పదిహేను రోజుల తర్వాత చనిపోయింది. జ్వరం అన్నారు అందరూ. నేనూ అదే అన్నాను. ఆకలి అన్నది లచ్చమ్మ ఒక్కతే.

ఆ నెలలోనే మేకలు కొనడానికి వచ్చిన ఒకాయన చెప్పాడు, కోస్గికి అవతల భూమి లేని కూలివాళ్లు ముప్పై ఇళ్లవాళ్లు కలిసి ఒక తోట పెంచారని, అందులో బొప్పాయి, మునగ, సీతాఫలం, చింత, కంద, గుమ్మడి అన్నీ ఒకదాని నీడన ఒకటి ఉన్నాయని, ఎండాకాలంలో ఆ వాడలో పొయ్యి ఆరలేదని. అడిగినవాళ్లకు పని నేర్పుతారట. కూలివాళ్లకు భూమి ఎక్కడిదని అడిగితే ఆయన తలగోక్కుని మాట మార్చాడు. మా వాడలో కూర్చుని ముగ్గురం పోవాలని అనుకున్నాం. రాసుకుని రావడానికి నేను, తవ్వకంలో చెయ్యి తిరిగిన ఎంకయ్య తాత, మూడో మనిషి లచ్చమ్మ. తనే వస్తానంది. ఆమెకు ఇంకా రెండేళ్ల కొడుకున్నాడు. మళ్లీ ఎండాకాలం వస్తుంది. ఆ లోపల కాసేదేదైనా నాటాలి. ఆమె ఆలోచన అంతే, మా ప్రయాణం కూడా అంతే.

బయలుదేరడానికి ముందు వెట్టి నుంచి విడుదల కావాలి. ఎంకయ్య తాత పటేల్ దగ్గరికి పోయి, దగ్గరి చుట్టం చనిపోయాడు, చావుకు పోతున్నాం అని చెప్పాడు. పెళ్లికైతే వదలరు, చావుకైతే వదులుతారు. లచ్చమ్మ వంతు వెట్టి కూడా ఆమె మొగుడే చేస్తానని ఒప్పుకున్నాడు.

తొలకరి పడి పది పన్నెండు రోజులైంది. తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, బాగా పొద్దెక్కాక చిట్యాల రోడ్డు చేరాం. అక్కడ హైదరాబాద్ బస్సు దొరుకుతుంది. పెట్రోలు కరువు కాబట్టి బస్సు వెనక బొగ్గుల పొయ్యి కట్టి నడిపిస్తున్నారు. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి నడవాలి. టికెట్ మనిషికి పన్నెండు అణాలు, దిగి నడిచినందుకు తగ్గించరు. సాయంత్రానికి హైదరాబాద్‌లో దిగి కాచిగూడ స్టేషన్‌కు నడిచాం, పొద్దున బండి వరకూ అక్కడే పడుకున్నాం. రొట్టెలు ఇంటి నుంచి కట్టుకుపోండి, స్టేషన్ బయట ధర మండిపోతోంది. మహబూబ్‌నగర్‌కు మూడో తరగతి టికెట్ రూపాయి చిల్లర. బండి పదకొండుకల్లా చేర్చింది. అక్కడి నుంచి కోస్గికి రోజుకు ఒకటే బస్సు, అది తప్పితే మరునాటిదాకా ఆగాలి. మేము పరుగెత్తి ఎక్కాం. దారి పొడుగునా రాళ్ల గుట్టలు, వాటి కింద ఇంకా మొలక రాని ఎర్ర చెలకలు. లచ్చమ్మ కిటికీలోంచి చూస్తూ, ఇది మన దిక్కుకంటే అన్యాయంగా ఉందే, ఇక్కడ ఏం కాస్తుంది అని ఎంకయ్య తాతను అడిగింది. నాకూ అదే అనుమానం వచ్చింది.

కోస్గిలో దిగేసరికి సాయంత్రం నాలుగు దాటింది. తోట ఇంకా రెండు కోసులు. ఖాసిం అనే ఆయన ఎడ్లబండి ఆరు అణాలకు కిరాయికి కుదిరింది. మనిషి మంచివాడు, దారంతా లచ్చమ్మను బండిలో, మమ్మల్ని మాటల్లో మోసుకొచ్చాడు. కానీ వాగు దగ్గర బండి ఆపేశాడు. తోట అవతల కనిపిస్తూనే ఉంది, ఎండిన నేల మధ్య అదొక్కటే పచ్చగా. వాగులో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. ఎందుకు ఆపావంటే, "గా జాగకు నా బండి పోదు పంతులూ, జర సమజ్ చేసుకో" అన్నాడు. నాకు మండింది. మా మనిషిని ఎక్కించుకున్న బండికి మా వాళ్ల తోట దాకా పోతే మైల అంటుతుందా అని అడిగాను. ఇంకా నాలుగు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ రాయను. అతను నొచ్చుకున్నాడు. మూడో రోజు పొద్దున్నే ఇదే చోటికి వస్తానని చెప్పి ఎడ్లను తిప్పుకున్నాడు. పుట్టినప్పటి నుంచీ దూరం పెట్టించుకున్నవాడికి ప్రతి దూరమూ అదే అనిపిస్తుంది. నేను పడ్డ పొరపాటు మీరు పడొద్దు, ఖాసింను ఏమీ అనొద్దు.

తోట పెద్ద సాయవ్వ. అరవై దాటిన మనిషి, చేతులు మాత్రం ముప్పై ఏళ్ల మనిషివి. ఎవరు, ఏ ఊరు అని అడగకముందే కాళ్లకు నీళ్లిచ్చింది. జొన్నరొట్టె, మునగాకు కూర పెట్టింది, తర్వాత కత్తిపీట మీద ఒక బొప్పాయి కోసి ముగ్గురికీ పంచింది. తాను తినలేదు, ఎదురుగా కూర్చుని మేము తింటుంటే చూసింది. ఆ ఏడు నేను తిన్న మొదటి పండు అది. లచ్చమ్మ తొక్క దాకా గీరి తింది.

మరునాడు పొద్దు పొడవగానే పని మొదలైంది. అక్కడ నేర్చుకోవడం అంటే కూర్చుని వినడం కాదు. వాడవాళ్లు పదిమంది తోటలో ఉంటారు, మీరు వాళ్ల పక్కన వంగాలి. వచ్చినవాళ్లు కూడా తమకు తెలిసింది ఒకటి నేర్పాలి, అదే అక్కడి రుసుము. ఎంకయ్య తాత మొరం నేలలో గడ్డపార ఎట్లా వేస్తే నడుము పట్టుకోదో చూపించాడు. అనప గింజలకు ఎర్రమట్టి పట్టించి ఎండబెడితే పురుగు పట్టదని లచ్చమ్మ చేసి చూపించింది. పంతులు దగ్గర నేర్పడానికి ఏమీ లేదని తేలాక నాకు నీళ్ల కావడి ఇచ్చారు. వాగు ఇసుకలో తవ్విన చెలిమ నుంచి తోటకు, తోట నుంచి చెలిమకు. భుజం కాయ కాసింది. అయినా కళ్లు ఊరుకోలేదు, చూసినవి చూసినట్టు రాసుకున్నాను.

తోట చుట్టూ సీతాఫలం, ఎందుకంటే దాని ఆకు మేక ముట్టదు. దాని బయట తుమ్మకంప. గుంత మూరెడు లోతు, పైమట్టి ఒక పక్కన, కిందిమట్టి ఇంకో పక్కన. అడుగున ఎండుటాకు, మేకపెంట, బూడిద, ఆపైన పైమట్టి. ప్రతి గుంత పక్కనా ఒక మట్టికుండను మెడదాకా పాతి, నీళ్లు నింపి మూకుడు మూస్తారు. కుండ చెమ్మగిలి వేరుకు నీళ్లు దానంతటదే అందుతాయి, నాలుగు రోజులకొకసారి నింపితే చాలు. మునగకు విత్తనం వద్దు, చేతిమందం కొమ్మ నాటి కొసకు పేడ పెట్టాలి. బొప్పాయి మొక్కలు మోదుగాకు దొప్పల్లో పెంచుతారు, గుంతకు మూడు చొప్పున నాటుతారు. పూత వచ్చేదాకా ఏది కాసే చెట్టో, ఏది కాయని పోతు చెట్టో తెలియదు కాబట్టి, అప్పుడు కాసేది ఉంచి మిగతావి తీసేస్తారు. మిగిలిన నేల మీద గుమ్మడి, బచ్చలి పాకిస్తారు. నేల కనిపించకుండా ఉండాలి అని సాయవ్వ పదే పదే అంది. తేమ కోసమని నేను రాసుకున్నాను.

ఎండ చురుక్కుమనే వేళకు లచ్చమ్మ తన గుంతలు రెండు పూర్తి చేసి, మూడోదానికి మంచి మెత్తటి చోటు చూసుకుంది. గుమ్మడి తీగ పక్కకు జరిపి గడ్డపార ఎత్తింది. సాయవ్వ గబగబా వచ్చి గడ్డపార పట్టుకుంది.

"గాడ కాదు బిడ్డా. గాడ మా మామున్నడు."

లచ్చమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. సాయవ్వ వంగి తీగ ఇంకొంచెం ఎత్తింది. కింద ఒక రాయి, దాని మీద సున్నంతో గీసిన సిలువ. నేను గట్ల రాళ్లు అనుకున్నవన్నీ అప్పుడు కనిపించాయి. కొన్నింటి మీద సిలువ, కొన్నింటి మీద ఆరిపోయిన పసుపు, కొన్నింటి మీద ఏమీ లేదు. ప్రతి రాయికీ అవతలి పక్కన ఒక చెట్టు. మేము నిన్న సాయంత్రం నుంచి ఉన్నది బొందలగడ్డలో, వాళ్లు తమ మనుషుల్ని పూడ్చుకునే చోట. నిన్న తిన్నది అందులో కాసిన పండే.

లచ్చమ్మ గడ్డపార వదిలేసి వాగు దాకా పరుగెత్తింది. వాంతి చేసుకుంది. ఇసుకతో నోరు తోమి కడుక్కుంది. నేను కావడి పట్టుకుని నిలబడ్డాను. ఖాసింను అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది, దానికంటే ఎక్కువ భయమేసింది. ఎంకయ్య తాత ఒక్కడే తొణకలేదు. "నాకు నిన్ననే తెలిసింది, నలభై ఏళ్లు బొందలు తవ్వినోణ్ణి, మట్టి చూస్తే తెలియదా?" అన్నాడు. తెలిసి ఎట్లా తిన్నావంటే, ఆకలైంది, తిన్నా అన్నాడు.

సాయవ్వ మా ముగ్గురినీ నీడన కూర్చోబెట్టి చెప్పింది. మొదట వాళ్లు ఊరి బంజరులో ఇరవై చింతచెట్లు పెంచారట. అవి కాపుకు రాగానే, ఇవి సర్కారు చెట్లని చెప్పి హర్రాజులో వేలం వేశారు, తాము పెంచిన చింతపండు తిన్నందుకు తామే దెబ్బలు తిన్నారు. చెరువు కింద గడ్డి పరకకు కూడా ఎవరో ఒకరు సొంతదారు ఉన్నాడు. ఏ పటేలూ అడుగు పెట్టని జాగా, ఏ దొరా నాదనని జాగా ఏదని వెతికితే ఇదొక్కటి తేలింది. "గీ జాగ మాకు ఎవ్వలియ్యలె. సచ్చినోళ్లిచ్చిండ్రు" అంది.

లచ్చమ్మ తలెత్తలేదు. నేను పంతులును కదా, ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచి, మట్టి మట్టే, చెట్టు చెట్టే అన్నాను. ఆమె నన్ను చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. తర్వాత లచ్చమ్మ సాయవ్వ వైపు తిరిగి మెల్లగా అంది. "నా బిడ్డ కడుపు మాడి పోయింది. దాని మీద కాసింది నేనెట్ల తింట అవ్వా?"

సాయవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమెకు ముగ్గురు పిల్లలు ఒకే వారంలో గత్తర, అంటే కలరా, వచ్చి పోయారని, వాగు వైపు ఉన్న మూడు చెట్లు వాళ్లవేనని పక్కనున్న ఆడవాళ్లు మాకు చెప్పారు. అప్పుడు ఆ ముసలామె అంది. "నువ్వు తినవు బిడ్డా. మేం గూడ తినం. ఎవ్వల మనిషి కాడ కాసింది ఆ ఇంటోళ్లు ముట్టరు, మందికి పెడతరు. రాత్రి మీకు పెట్టింది నా పెద్దబిడ్డది. దాని రుసి ఎట్లుంటదో నాకు తెల్వది. మీరు తింటాంటె చూసిన, నా కడుపు నిండింది."

తోట ఉమ్మడిగా ఎట్లా నిలిచిందో నాకు అప్పుడు తెలిసింది. ముప్పై ఇళ్లలో ఏ ఇంటికీ తన చెట్టు తనది కాదు. తినాలంటే పక్కవాడి చెట్టు దగ్గరికి పోవాలి, వాడు మన చెట్టు దగ్గరికి రావాలి. తగాదా పడి మాట మానుకుంటే ఇద్దరూ పస్తే. ఇన్ని మంచి మాటలు రాసుకున్నాను కానీ, రాస్తున్నంతసేపూ నా మనసు మా ఊరి బొందలగడ్డ మీదే ఉంది. మాకు కూడా మిగిలిన జాగా అదొక్కటే. ఎంకయ్య తాత ఆ మాట బయటికే అన్నాడు. అందులో అన్నింటికంటే కొత్త మట్టి ఎల్లిది. లచ్చమ్మ కాదంటే వాడలో ఇంకెవరూ గడ్డపార ఎత్తరు. ఆమె అవునో కాదో మేము అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

ఆ మధ్యాహ్నమంతా ఆమె వాగు గట్టున కూర్చుంది. మేము పని చేశాం. సాయంత్రం చినుకులు పడ్డప్పుడు వచ్చి, ఎవరితో మాట్లాడకుండా, సాయవ్వ చూపిన చోట మూడో గుంత తవ్వింది. మూరెడు లోతు కొలుచుకుంది. పైమట్టి ఒక పక్కన, కిందిమట్టి ఇంకో పక్కన వేసింది. రాత్రి రొట్టె తింది, కూర తింది, పండు మాత్రం వద్దంది.

మూడో రోజు పొద్దున్నే బయలుదేరాం. సాయవ్వ మునగ కొమ్మలు ఎనిమిది, మోదుగాకు దొప్పల్లో బొప్పాయి మొక్కలు పన్నెండు ఇచ్చింది. వాగు దగ్గర ఖాసిం బండి ఉంది. తప్పు నాదని ఒప్పుకున్నాను. "ఫికర్ లేదు పంతులూ. ఆడ ఎడ్లు బెదుర్తయి, నేను గూడ బెదుర్త" అని నవ్వాడు. దొప్పలు బండిలో సర్దుతుంటే లచ్చమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. ఎల్లి చనిపోయాక ఆమె నాతో సూటిగా మాట్లాడటం అదే మొదలు.

"నాటుత పంతులూ. నా బిడ్డ కాడ మూడు పెడత. కాసినంక మొదటిది నువ్వు తినాలె. ఇంకెవ్వలు గాదు, నువ్వే."

ఖాసిం ఎడ్లను కట్టడం అయిపోయింది, ఎంకయ్య తాత ఎక్కి కూర్చున్నాడు, ఆమె ఇంకా కదల్లేదు. చివరికి తింటానని చెప్పాను. ఆ మాట శిక్షగా అడిగిందో, నన్ను క్షమించడానికి అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగను కూడా.

మొక్కలు నాటి ఏడాది కావస్తోంది. ఎల్లి దగ్గర నాటిన మూడింట్లో రెండు పోతు చెట్లు, తీసేశాం. మిగిలినదానికి ఈ ఎండాకాలం ఏడు కాయలు వచ్చాయి. మొదటిది పండగానే లచ్చమ్మ కొడవలితో కోసి బడి దగ్గరికి తెచ్చింది. నిలువుగా చీల్చి సగం నా చేతిలో పెట్టి ఎదురుగా నిలబడింది. ఆమె కొడుకు చెయ్యి చాచాడు. అది నీకు కాదు బిడ్డా అని చెయ్యి పక్కకు తీసింది. వాడు ఏడ్చాడు. వాడి వంతు ఎంకయ్య తాత పెళ్లాం బొంద దగ్గర నాటిన మునగ, అది వాడికి రోజూ దొరుకుతోంది, కానీ ఆ వయసుకు ఆ లెక్క ఎట్లా తెలుస్తుంది? నేను తిన్నాను. తియ్యగా ఉంది. అయిపోయేదాకా ఆమె కదల్లేదు. ఎట్లా ఉందని అడగలేదు. మిగతా సగం బడి మెట్ల దగ్గర ఉన్న చిన్నపిల్లలకు పంచి పోయింది.

ఈ ప్రయాణం వల్ల మా వాడ కడుపు నిండిందని చెప్పను, నిండలేదు. కానీ ఈ ఎండాకాలంలో ఎవరినీ పూడ్చలేదు. నేను ఆ తోటలో నేర్చుకున్నవి గుంత లోతు, కుండ పాతడం, కొమ్మ నాటడం. అవి మీరు ఒక్కరోజులో నేర్చుకుంటారు. పోవాలనుకుంటే తొలకరి తర్వాతే పోండి, మొక్కలు తడి గోనెలో చుట్టి తెచ్చుకోండి. అన్నింటికంటే ముఖ్యం ఒకటి. బయలుదేరకముందే వాడంతా కూర్చుని, ఎవరి చెట్టు ఎవరు తినాలో తేల్చుకుని పోండి. మేము తేల్చుకోలేదు. అందుకే లచ్చమ్మ అంత దూరం వచ్చి, పరాయి ఊరి వాగు ఒడ్డున, బిడ్డను వెళ్లగొట్టిన మనిషినే అడగాల్సి వచ్చింది.